ఇద్దరు రాసినట్టున్న మెయిలు

ఆమెను అందరూ మైకక్క అనేవాళ్లు. కొరియర్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే రోజుల్లో పడిన పేరు అది. పార్సెల్ రాలేదని ఒకరు, వచ్చింది పగిలిపోయిందని ఒకరు, పక్కింటివాళ్లు తీసేసుకున్నారని ఇంకొకరు... పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ గదిలో ఫోన్లు మోగుతూనే ఉండేవి. ఆమె గొంతు మాత్రం గది ఈ చివర నుంచి ఆ చివరికి మైకులో మాట్లాడినట్టు ఖంగుమని వినిపించేది. నిప్పులు కక్కుతూ ఫోన్ చేసినవాడు కూడా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడేసరికి చల్లబడి, "సరేలే అమ్మా, మధ్యలో నువ్వేం చేస్తావు పాపం" అని పెట్టేసేవాడు.

అలాంటి గొంతు ఒక చలికాలంలో బొంగురుపోయింది. జలుబేలే అనుకుంది. జలుబు పోయింది, బొంగురు పోలేదు. డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం దింపి చూసి, స్వరతంత్రుల మీద చిన్న చిన్న కాయలు కట్టాయన్నాడు. ఆపరేషన్ అయింది. గొంతు తిరిగి వచ్చింది గానీ, నూనె లేని తలుపులా కిర్రుమంటూ వచ్చింది. "మాట్లాడొద్దని కాదమ్మా, రోజంతా మాట్లాడే ఉద్యోగం వద్దు" అన్నాడు డాక్టరు. ఆమెకు ఆ మొదటి మాట ఒక్కటే చెవికెక్కింది.

ఉద్యోగం మానేసింది. ఉద్యోగంతో పాటు కొత్తవాళ్లతో మాట్లాడటమూ మానేసింది. కూరగాయల కొట్లో వేలితో చూపించేది. ఫోన్ మోగితే భర్త చేతిలో పెట్టేది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా మోటార్ల మోతలో పనిచేసి ఇంటికి వచ్చేవాడు. "ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయంగా ఉందోయ్. లిఫ్టు కూడా ఆగిపోయే ముందు ఇలాగే చప్పుడు మానేస్తుంది" అనేవాడు. ఆమె నవ్వేది. నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

అలా కొన్నాళ్లు గడిచాక, ఊరి అంచున మొక్కల నర్సరీ నడిపే ఆవిడ కబురు పెట్టింది. కొరియర్లో పంపిన కుండీలు పగిలినప్పుడల్లా ఆమె మైకక్కతోనే పోట్లాడేది. పోట్లాడి పోట్లాడి అభిమానం పెంచుకుంది. "మాట్లాడక్కర్లేదు, రాస్తే చాలు. మా దగ్గర మొక్కలు కొన్నవాళ్లకి వారం వారం మెయిల్ పంపాలి. నువ్వు ఫోన్‌లో నాతో ఎలా మాట్లాడేదానివో అలా రాయి" అంది.

మైకక్క అలాగే రాసింది. 'గులాబీ ఆకుల మీద నల్ల మచ్చలు కనిపించాయా? కంగారు పడకండి. ముందు ఆ ఆకులు తుంచేయండి. సాయంత్రం పూట నీళ్లు పోయడం మానండి. మొక్క అలిగింది అంతే, చచ్చిపోలేదు.' ఇలా ఉండేవి ఆమె మెయిళ్లు. జనం జవాబులు రాయడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు రాసేది ఆమె మామగారే. ఆసుపత్రిలో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, పక్క గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని, కోడలు పంపిన ప్రతి మెయిలుకూ 'గౌరవనీయులైన నర్సరీ వారికి' అంటూ జవాబు పెట్టేవారు. ఆ జవాబు మర్నాడు ఆఫీసులో చదువుకుని ఆమె మురిసిపోయేది.

వ్యాపారం పెరిగింది. నర్సరీ పాత చోటు చాలక, నాలుగు వీధుల అవతల పెద్ద స్థలానికి మారాలనుకున్నారు. మెయిళ్లకు కొత్త రూపు ఇవ్వడానికి ఒక డిజైనర్‌ను పెట్టుకున్నారు. చురుకైన కుర్రాడు. ఆమెను వచ్చిన రోజు నుంచే అక్కా అన్నాడు. నెలంతా వెతికి, గుండ్రంగా, నిండుగా, చూడగానే పచ్చిక మీద కూర్చున్నట్టుండే ఒక ఫాంట్ ఎంచుకున్నాడు. దానితో మెయిల్ ఎడిటర్‌లో ఒక నమూనా తయారుచేసి పెట్టాడు. పైన శీర్షికకు ఒక గడి, దాని కింద బొమ్మకు ఒకటి, ఆ కింద రాతకు ఒకటి. ఏ గడిలో పెట్టాల్సింది ఆ గడిలో పెట్టి, పంపు అనే బటన్ నొక్కడమే.

మారబోతున్నామన్న మెయిలు మైకక్క తన అలవాటు ప్రకారం ఇంట్లోనే, వంటింటి బల్ల మీద, ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంది. ఆఫీసుకు వచ్చి అంతా కాపీ చేసి ఎడిటర్‌లో అతికించింది. పంపబోతుంటే యజమానురాలు తలుపు దగ్గర నిలబడి, "ఆదివారం కూడా తెరిచే ఉంటాం అని చేర్చు" అని కేకేసింది. ఆ ముక్క చివర్లో టైపు చేసి పంపించింది. తెర మీద చూస్తే ముత్యాల్లా ఉంది. డిజైనర్ కూడా తన కంప్యూటర్లో చూసి, బాగుందక్కా అన్నాడు.

కొత్త చోటు తెరిచిన రోజు ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. మిగతావాళ్లంతా బయట కుండీలు దింపుతున్నారు. ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఇక తప్పక ఎత్తింది.

"నర్సరీయేనా?" అవతల ఒక పెద్దాయన గొంతు.

"అవునండీ."

"వినపడటం లేదమ్మా, కాస్త గట్టిగా."

పెట్టేద్దామనిపించింది. ఒక గుటక మింగి, "అవునండీ, నర్సరీయే. చెప్పండి" అంది. కిర్రుమంటూనే అయినా మాట వచ్చింది.

"నేను మీ గేటు ముందే నుంచున్నాను. తాళం వేసుంది. చేతిలో జబ్బు చేసిన గులాబీ కుండీ ఒకటి. ఎండేమో మాడు పగలగొడుతోంది. దుకాణం మూసేశారా ఏమిటి?"

"లేదండీ, కొత్త చోటికి మారాం. మెయిల్లో రాశాం కదండీ."

"రాశారమ్మా, రాయలేదని ఎవరన్నారు? చదవనిస్తేగా! ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కి కూర్చుంది. అడ్రస్ ఉన్న చోట చీమల బారు తప్ప నాకేం కనబడలేదు."

ఆమె ఆయన్ని నీడకు నిలబడమని చెప్పి, బయటికి పరుగెత్తి వ్యాన్ డ్రైవర్‌ను పాత గేటుకు పంపింది. వచ్చి కూర్చుందో లేదో మళ్లీ ఫోన్. అదీ అలాంటిదే. మధ్యాహ్నానికి పాత గేటు దగ్గర తిరునాళ్లంత జనం అని డ్రైవర్ నవ్వుతూ చెప్పాడు గానీ, ఆఫీసులో ఎవరికీ నవ్వు రాలేదు.

యజమానురాలు చేతుల మట్టి కడుక్కోకుండానే లోపలికి వచ్చింది. "ఈ మెయిళ్లు మనకి అచ్చిరావడం లేదమ్మా. ఇలాగే ఉంటే మళ్లీ కరపత్రాలు వేయించి పంచుకోవడమే నయం."

కరపత్రాలు పంచడానికి తన అవసరం ఉండదని మైకక్కకు తెలుసు. "ఇంకో మెయిలు ఎలాగూ పంపాలి కదా మేడం. ఎక్కడ తేడా వచ్చిందో చూస్తాను. అది కూడా ఇలాగే పోతే అప్పుడు మీ ఇష్టం" అంది.

యజమానురాలు చేతులు కడుక్కోవడానికి తిరిగింది. "సరే, చూడు" అని వెళ్లిపోయింది.

చూడటం అంటే ఎక్కడ చూడాలి? ఎడిటర్ తెరిస్తే అక్షరాలు బుద్ధిగా కూర్చునున్నాయి. తనకు తాను పంపుకుంది, బాగానే వచ్చింది. డిజైనర్‌కు పంపింది, అతనికీ బాగానే వచ్చింది. అక్షరాల సైజు పెంచింది. రంగు మార్చింది. మొత్తం చెరిపేసి, ఇంటి నుంచి తెచ్చిన రాతనే మళ్లీ అతికించింది. ఏం చేసినా తమ తెరల మీద అది ముత్యాల్లానే ఉంది.

"వాళ్ల ఫోన్లే పాతవై ఉంటాయక్కా. మనం ఏం చేస్తాం?" అన్నాడు డిజైనర్.

"పాత ఫోన్లు ఉన్నవాళ్లే తమ్ముడూ మన దగ్గర ఎక్కువగా కొనేది. తోటపని తీరిక ఉన్నవాళ్ల పని" అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పులు విప్పుతుండగానే మామగారు పిలిచారు. "అమ్మా, ఒక సందేహం. మొన్నటి మెయిలు ఇద్దరు కలిసి రాశారా?"

"లేదు మామయ్యా, నేనొక్కదాన్నే. ఏం?"

"మరి దస్తూరీ తేడాగా ఉందేం? ఇలా రా."

ఆ పాత కంప్యూటర్ ముందు నిలబడి చూసిన ఆమె నోరు తెరిచింది. శీర్షిక ఒక రకం అక్షరాల్లో ఉంది. దాని కింద పేరాలన్నీ సన్నగా, పొడుగ్గా, వేరే రకంలో ఉన్నాయి. వరుసలు ఇరుక్కుపోయి, 'మొక్క'లో ఉన్న ఒత్తు కింది వరుసలోని 'వీధి' నెత్తిన ఎక్కి కూర్చుంది. అడ్రస్ ఉన్న చోటు మరీ ఘోరం. చిట్టచివర 'ఆదివారం కూడా తెరిచే ఉంటాం' అన్న ముక్క మాత్రం మళ్లీ శీర్షిక రకంలోనే ఉంది.

"చూశావా? మొదలూ చివరా ఒకాయన రాశాడు. నడుమ ఇంకెవరో దూరారు" అన్నారు మామగారు, ఆసుపత్రిలో కేసు కాగితాలు సరిచూసిన రోజుల ధీమాతో.

ఆమె ఆ చివరి ముక్కనే చూస్తూ ఉండిపోయింది. అది ఒక్కటే తను ఎడిటర్లో సొంతంగా టైపు చేసింది. మిగతాదంతా ఇంటి నుంచి కాపీ చేసి తెచ్చి అతికించింది. అంటే మాటలు ఒంటరిగా రాలేదు. అక్కడ వేసుకున్న బట్టలతోనే వచ్చేశాయి.

మర్నాడు ఆఫీసుకు వెళ్లీ వెళ్లగానే ఎడిటర్ తెరిచి, పేరా మీద క్లిక్ చేసింది. పైన చిన్న పెట్టెలో ఒక ఫాంట్ పేరు కనిపించింది. చివరి ముక్క మీద క్లిక్ చేసింది. పేరు మారిపోయింది. తన కంప్యూటర్లో ఆ రెండు ఫాంట్లూ ఉన్నాయి, పైగా చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. అందుకే ఇన్నాళ్లూ తేడా కంటికి ఆనలేదు. వెంటనే రాతనంతా మామూలు నోట్‌ప్యాడ్‌లో పడేసి, అక్కడి నుంచి వట్టి మాటల్ని మాత్రమే తెచ్చి గడిలో పెట్టింది. ఇప్పుడు ఎక్కడ క్లిక్ చేసినా ఒకే పేరు. ఆనందం పట్టలేక, "దొరికింది మేడం! తప్పు నాదే, సరిచేసేశాను" అని యజమానురాలికి చెప్పేసి, మామగారికి ఒక ప్రతి పంపి ఫోన్ చేసింది.

"ఇప్పుడు ఒకే మనిషి రాశాడమ్మా" అన్నారాయన.

"హమ్మయ్య."

"కానీ ఆ ఒత్తులు ఇంకా కిందివాళ్ల నెత్తినే ఉన్నాయి."

ఆమె ఉసూరుమంది. అంతలోనే యజమానురాలి ఎదుట గొప్పగా చెప్పేసింది కూడాను. మళ్లీ వెళ్లి, "ఇంకా కాలేదు మేడం, తొందరపడ్డాను" అని నీళ్లు నములుతూ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ పూట మైకక్క చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చుంది. తన తెర, డిజైనర్ తెర ఎంత చూసినా లాభం లేదు. చూడాల్సింది జనం ఇళ్లలో ఉన్న తెరలు. ఆ ఇళ్లలోకి వెళ్లాలంటే ఒకటే దారి. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని పక్కన పెట్టుకుంది. ఫిర్యాదు చేసినవాళ్ల నంబర్లలో మొదట గులాబీ పెద్దాయనది నొక్కింది.

"నమస్కారమండీ. నర్సరీ నుంచి మాట్లాడుతున్నాను. నా గొంతు కాస్త బొంగురు, ఏమీ అనుకోకండి. మీకు ఇప్పుడే ఒక మెయిల్ పంపాను. అందులో ఏం కనిపిస్తోందో మీరే చూసి చెప్పాలి."

"నా కళ్లతో చూసి చెప్పాలా? నీకు ఇంకెవరూ దొరకలేదా తల్లీ?" అని పెద్దాయన నవ్వాడు. అయినా కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో వరుసా ఓపిగ్గా చెప్పాడు. కోడల్ని పిలిచి తెరకు ఫొటో తీయించి కూడా పంపాడు.

ఒక ఫోన్ చేసి కాసేపు గొంతుకు విశ్రాంతి ఇచ్చేది. మళ్లీ ఇంకొకటి. ఒకావిడ తన ఫోన్లో అక్షరాలు గుండ్రంగా చక్కగా ఉన్నాయంది. ఇంకొకాయన ఆఫీసు కంప్యూటర్లో పుల్లల్లా ఉన్నాయన్నాడు. మరొకామెకు లావుగా, నల్లగా, మూతి ముడుచుకున్నట్టు కనిపించాయట. అడిగితే చాలు, ఎవరూ విసుక్కోలేదు. తమ తెర మీద ఏముందో చెప్పమని ఇంతవరకూ వాళ్లనెవరూ అడగలేదు మరి. కొందరు పనిలో పనిగా మల్లె మొగ్గ తొడగడం లేదని, కరివేపాకు చెట్టుకు పురుగు పట్టిందని కూడా చెప్పుకున్నారు. ఆమె వాటికీ జవాబు చెప్పింది.

వచ్చిన ఫొటోలన్నీ డిజైనర్ ముందు పరిచింది. అతను ఒక్కొక్కటే దగ్గరగా పెట్టుకుని చూశాడు. అతని మొహం మెల్లగా మారింది.

"ఇది నా ఫాంట్ కాదక్కా. ఇదీ కాదు. ఇదీ కాదు."

"అంటే?"

"మెయిలు వెళ్తోంది గానీ నా ఫాంట్ వెళ్లడం లేదు. మన రెండు కంప్యూటర్లలో ముందే వేసుకున్నాం కాబట్టి మనకి కనిపిస్తోంది. కొన్ని ఫోన్లు దాన్ని నెట్ నుంచి తెచ్చుకుంటున్నాయి. చాలా మెయిల్ యాప్‌లు ఆ పనే పెట్టుకోవడం లేదు. తమ దగ్గర ఏ ఫాంట్ ఉంటే అది తొడిగేస్తున్నాయి. ఇది లేకపోతే అది వాడు అని నేను చెప్పనే లేదు." ఒక ఫొటో మీద వేలు పెట్టి, "వరుసల మధ్య ఎడం కూడా నా ఫాంట్‌కి సరిపోయేలా బిగించేశాను. వేరేది వచ్చేసరికి ఒత్తులకి చోటు లేకుండా పోయింది" అన్నాడు.

అతను కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. నెలంతా వెతికి తెచ్చుకున్న ఫాంట్. సగం మంది దాన్ని చూడనే లేదు. ఆ బాధ ఎలాంటిదో మైకక్కకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"నా తప్పు వెనక నీది దాక్కుంది తమ్ముడూ, నీ దాని వెనక నాది. ఇద్దరు దొంగలూ ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఒకడి కాలు బయటపడితే రెండోవాడు ముసుగు లాక్కుంటున్నాడు" అంది. అతనికి నవ్వొచ్చింది.

"పేరు మాత్రం నా ఫాంట్‌లోనే ఉంచుతానక్కా. పైన బొమ్మలా పెట్టేద్దాం. బొమ్మ రాని వాళ్లకి ఆ చోట మామూలు అక్షరాల్లో నర్సరీ పేరు పడేలా చూస్తాను."

"ఉంచు. అది అందంగా ఉంది. అడ్రస్‌ని మాత్రం బొమ్మలో పెట్టకు. దాన్ని ఎవరైనా, ఎక్కడైనా చదవగలగాలి."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రాతకు అన్ని చోట్లా దొరికే ఫాంట్లు చూసి, ఇది లేకపోతే ఇది, అదీ లేకపోతే అది అని వరుస రాశాడు అతను. ఎడం పెంచి, ఒత్తులు ఊపిరి పీల్చుకునేలా చేశాడు. పరీక్షించడానికి ఆఫీసులో అందరి దగ్గరా ఫోన్లు అడుక్కున్నారు. తోటమాలి అద్దం పగిలిన ఫోన్, డ్రైవర్ రెండో ఫోన్, యజమానురాలి సొరుగులో మూలుగుతున్న పాతవి... బల్ల మీద దుకాణంలా పరుచుకున్నాయి. ఒక్కోసారి పంపడం, అన్నింటిలో తెరిచి చూడటం, ఎక్కడో ఒకచోట తేడా రావడం, మళ్లీ సర్దడం. ఒక మొండి మెయిల్ యాప్ మాత్రం ఎంత బతిమాలినా శీర్షికను ఎడమ పక్కకే నెట్టేది. "దాని ఖర్మ. చదవడానికి వస్తోందిగా, వదిలేయ్" అంది ఆమె. అతనికి వదలబుద్ధి కాలేదు గానీ వదిలాడు.

రెండో మెయిలు వెళ్లింది. ఆ శనివారం యజమానురాలు ముందుజాగ్రత్తగా పాత గేటు దగ్గర డ్రైవర్‌ను నిలబెట్టింది. పగలంతా అక్కడ నిద్రపోయానని అతను సాయంత్రం వచ్చి చెప్పాడు. కొత్త గేటు దగ్గర మాత్రం స్కూటర్లు నిలపడానికి చోటు లేదు. గులాబీ పెద్దాయన కోడలితో కలిసి వచ్చాడు. కుండీలో మోడుగా ఉన్న కొమ్మకు ఎర్రటి చిగురొకటి తొంగిచూస్తోంది. "బొంగురు గొంతమ్మాయి ఎక్కడ?" అని అందరి ముందూ అడిగాడు. మైకక్క సిగ్గుపడుతూనే ముందుకు వచ్చింది. ఇద్దరూ ఆ చిగురు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె మాట వినడానికి కాస్త ముందుకు వంగారు. ఎవరూ గట్టిగా మాట్లాడమనలేదు.

ఆ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఫోన్లు చేసిన సంగతి దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పింది. ఆయన గొట్టం బయటికి తీసి, "గొంతు శుభ్రంగా ఉంది. అసలు అప్పుడే చెప్పానుగా, మాట్లాడొచ్చని. కొంచెం కొంచెంగా వాడుతూ ఉంటేనే అది బాగుంటుంది" అన్నాడు. పక్కన కూర్చున్న భర్త, "విన్నావా? ఇక నన్ను తిట్టడానికి అడ్డేం లేదు" అన్నాడు. ఆమె ఈసారి చప్పుడు చేస్తూ నవ్వింది.

యజమానురాలు కరపత్రాల మాట మళ్లీ ఎత్తలేదు. పైగా ఒక రోజు మైకక్క బల్ల మీదకి ఫోన్ జరిపింది. "పొద్దుట పూట ఒక గంట. మొక్కల సందేహాలు అడిగేవాళ్లకి నువ్వు జవాబు చెప్పు. ఆ తర్వాత ఫోన్ నేను తీసేసుకుంటాను. మెయిళ్లు ఎలాగూ నీవే."

"నా గొంతుతోనా మేడం?"

"ఇంకెవరి గొంతుతో?"

ఆ సంగతి మెయిల్లో రాయాల్సి వచ్చినప్పుడు, ఆమె ఎడిటర్లోనే నేరుగా టైపు చేసింది. డిజైనర్ దాన్ని బల్ల మీది ఫోన్లన్నింటిలోనూ తెరిచి చూసి, బొటనవేలు ఎత్తి చూపించాడు.

మొదటి రోజు ఉదయం ఫ్లాస్కు నింపుకుని కూర్చుంది. బయట తోటమాలి పైపుతో నీళ్లు కొడుతున్నాడు. తడి మట్టి వాసన కిటికీలోంచి వస్తోంది. కాసేపటి దాకా ఫోన్ మోగలేదు. మోగదేమో అనుకుంటుండగా మోగింది.

"మెయిల్లో చూసి చేస్తున్నానండీ" అంది ఒక ఆడగొంతు తటపటాయిస్తూ. "కుండీలో ఫెర్న్ మొక్క ఎండిపోతోంది. నీళ్లు తక్కువయ్యాయో, ఎక్కువయ్యాయో తెలియడం లేదు."

"కంగారు పడకండి" అంది మైకక్క. "ఆకుల చివర్లు ఏ రంగులో ఉన్నాయి? కుండీలో వేలు పెట్టి మట్టి తడిగా ఉందో లేదో కూడా చూడండి. మీరు వెళ్లి చూసి రండి, నేను లైన్లోనే ఉంటాను."